బొటనవేలు ఉండగా మాటెందుకు?

మాటలు దండగ!

తొందరపడి నా మీద విరుచుకుపడకండి. ముందు నా వాదన వినండి. ఒక మనిషి ఇంకో మనిషితో "రేపు పొద్దున్నే తప్పకుండా వస్తానండీ, మీరేమీ కంగారు పడకండి" అనాలంటే ఎంత శ్రమ! ఊపిరి పీల్చాలి, నాలుక కదపాలి, ఎదుటివాడి మొహం చూడాలి. ఇంతా చేసి మర్నాడు పొద్దున్నే నిజంగా వెళ్ళాలి కూడా! అదే ఫోనులో బొటనవేలు బొమ్మ నొక్కితే? అర సెకను. రాలేదేమని రేపు ఎవరైనా నిలదీస్తే, "వేలు చూపించాను గానీ వస్తానన్నానా?" అని ఎదురు నిలదీయవచ్చు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. పాపం, వాళ్ళ కాలంలో స్మార్ట్‌ఫోన్లు లేవు. ఉండి ఉంటే వేలు మంచిదైతే చాలు అనేవారు.

ఇది నేను గాల్లోంచి తీసి చెబుతున్న మాట కాదు. ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. అంతకంటే ముఖ్యంగా, మా స్టాఫ్ గ్రూపుకి అడ్మిన్‌ని! గ్రూపులో నేను పెట్టిన నిబంధన ఒక్కటే: ఎవరూ మూడు మాటలకు మించి రాయకూడదు. బొమ్మలకు మాత్రం పరిమితి లేదు.

ఫలితం చూడండి. ఇదివరకు టీ వేళ మా స్టాఫ్‌రూము సంతలా ఉండేది. ఒకరి కోడలి సంగతి, ఒకరి మోకాలి నొప్పి, ఒకరి స్కూటర్ పురాణం. ఇప్పుడు ముప్పై మంది, ముప్పై కప్పులు, ముప్పై వంచిన తలలు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొన్న హెడ్‌మాస్టరమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయి, "ఏమైంది అందరికీ?" అని కంగారుగా అడిగారు. అందరం తలెత్తకుండానే బొటనవేళ్ళు ఎత్తాం. ఆవిడ కంగారు తగ్గిందో లేదో తెలియదు గానీ, వెళ్ళిపోయారు. అదీ పరిపాలన!

అసలు మన భాషలో ఉన్న కోపాలే లెక్కపెట్టండి. చిరాకు, విసుగు, అలక, కినుక, రోషం, ఉక్రోషం, ఉడుకుమోత్తనం! ఇన్ని కోపాలు దగ్గరుంచుకుని మన ముందువాళ్ళు ఏం బావుకున్నారు? పొద్దున్నే లేచి, ఇవాళ నాది అలకా కినుకా అని తేల్చుకునేసరికి మధ్యాహ్నమయ్యేది. ఇప్పుడు ఒకటే ఎర్రమొహం. భార్య మీదైనా అదే, బస్సు మీదైనా అదే. ఎంత సమానత్వం! సోషల్ టీచరుకి ఇంతకంటే ఏం కావాలి?

ఇంత సుఖంలోనూ సుఖపడలేని మనిషి మా స్టాఫ్‌రూములో ఒకరున్నారు. ఆయన కథ మీకు చెప్పాలి. మాటల పిచ్చి మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో తెలిస్తే మీరే జాగ్రత్త పడతారు.

ఆయన మా లెక్కల మాస్టారు. యాభై దాటిన మనిషి. సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే కళ్ళజోడు సర్దుకుంటారు కాబట్టి ముక్కు మీద ఎప్పుడూ ఒక తెల్లమచ్చ. ఆయనకున్న వ్యసనం మాటలు పోగెయ్యడం. అంటించింది ఆయన అక్క.

ఆవిడ పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. అందరం ప్రూఫక్క అనేవాళ్ళం. పాఠంలో ఏదైనా మాట కాస్త పాతబడినట్టు కనిపిస్తే చాలు, పై గదిలో కూర్చున్న సంపాదకుడు దాని మీద ఎర్రగీత కొట్టి, పక్కన "కఠినం" అని రాసి కిందికి పంపేవాడట. గీత పడ్డ మాటను బుద్ధున్నవాళ్ళు ఏం చేస్తారు? చెత్తబుట్టలో వేస్తారు. ప్రూఫక్క కత్తెర అందుకుని, ఆ వాక్యం మేరకు కాగితాన్ని సన్నగా కత్తిరించి, రెక్క విరిగిన పిట్టను తెచ్చినట్టు చేతిసంచిలో ఇంటికి తెచ్చేవారు. ఇంట్లో గడియారం కింద అలమరలో ఒక బిస్కెట్ల డబ్బా. దాన్నిండా గీత పడ్డ మాటలే.

ఆ ఇంట్లో ఉండేది అక్కా తమ్ముడూ ఇద్దరే. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే ఆవిడ, "ఉన్న మాటలకే చోటు చాలడం లేదు, కొత్త మనుషుల్ని ఎక్కడ సర్దను?" అనేవారట.

రోజూ పొద్దున్నే ఆ డబ్బాలోంచి ఒక చీటీ తీసి, వెనకవైపు తమ్ముడికి ఒక ముక్క రాసి, అతని క్యారేజీలో పైగిన్నె మూత కింద పెట్టేవారు. మధ్యాహ్నం మాస్టారు మూత తియ్యగానే కూర కంటే ముందు మాట కనిపించేది. సాయంత్రంలోగా దాన్ని వాడాలి. ఊపిరున్న మనిషికి ఎదురుగా నిలబడి అనాలి. అర్థం విడమరచకూడదు. మాటను వాక్యంలో ఇరికించకూడదు, వాక్యానికే ఆ మాట అవసరం కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మాట కోసం అబద్ధమాడకూడదు. పాత మాట ఖర్చయ్యేదాకా డబ్బాలోంచి కొత్త మాట తియ్యకూడదు.

రాత్రి భోజనాల దగ్గర విచారణ.

"ఒరేయ్, ఇవాళ్టిది ఎవరి మీద వాడావు?"

"ఎనిమిదో తరగతి మీద. ప్రధాన సంఖ్యలన్నీ బేసి, రెండొక్కటే సరి కదా. అందుకని రెండు ఉలిపికట్టె అన్నాను."

"నవ్వారా?"

"ఒకమ్మాయి నవ్వింది. మిగతావాళ్ళు నోట్సులో రాసుకున్నారు."

"పరీక్షలో కూడా రాస్తారు చూడు. పేపరు దిద్దేవాడు కఠినం అని గీత కొడతాడు. తిరిగి తిరిగి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది."

చదువుకు ఇదెంత ఆటంకమో గమనించారా? ఇంకోటి వినండి. తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి మాస్టారి బల్ల ముందు కూర్చుని, "మా అమ్మాయి లెక్కల్లో వీకా సార్?" అన్నాడు. అవునంటే ఒక్క ముక్కలో పోయేది. ఆ రోజు జేబులో ఉన్న మాట వేరు మరి!

"వీకు కాదండీ. లెక్కలంటే కోపం కూడా లేదు. కినుక. కాస్త బతిమాలితే వచ్చేస్తుంది" అన్నారు మాస్టారు.

ఆ తండ్రి నవ్వాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇరవై నిమిషాలు కూతురి గురించి మాట్లాడాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళందరికీ ఆలస్యం! ఆ అమ్మాయి ఇప్పుడు లెక్కల్లో ఫస్టు వస్తోంది. అది వేరే విషయం.

పోయినేడు ఒక గురువారం ప్రూఫక్క ప్రెస్సులో, బల్ల దగ్గర కూర్చున్నచోటే పోయారు. చేతిలో పెన్ను మూత తీసే ఉందట.

ఆ రోజు మా గ్రూపు పనితీరు మీరు చూసి ఉండాల్సింది. వార్త పెట్టిన మూడు నిమిషాల్లో ఇరవై ఎనిమిది జోడించిన చేతులు! తొందరలో ఒకరు బొటనవేలు కూడా పెట్టారు. ఏ యుగంలోనైనా ఓదార్పు ఇంత వేగంగా అందిందా? వెనకటి మనుషులైతే ఆ ఇంటికి వెళ్ళేవారు. చాప మీద కూర్చునేవారు. ఏమనాలో తోచక గంటసేపు గోడవంక చూసి, "వస్తామండీ" అని లేచి వచ్చేవారు. ఎంత టైము వృథా!

మాస్టారికి కబురు అందేసరికి మధ్యాహ్నం భోజనం అయిపోయింది. క్యారేజీలోని చీటీ అప్పటికే జేబులో ఉంది. ఆ చీటీలో ఉన్న మాట, తెప్పరిల్లడం.

ఆ నిబంధనలు నాకు వర్తించవు కాబట్టి అర్థం చెప్పేస్తాను. దెబ్బకి సొమ్మసిల్లినవాడు మెల్లగా మళ్ళీ మనిషి కావడం. ఏదో పాఠంలో "కొంతసేపటికి రాజు తెప్పరిల్లాడు" అన్నచోట గీత పడిందట. దాని బదులు "రాజు నార్మల్ అయ్యాడు" అని అచ్చువేశారు. పిల్లలకి హాయిగా అర్థమైంది. రాజుకి ఏమైందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రంలోగా ఆ మాట వాడటం మాస్టారికి ఎలా కుదురుతుంది? మర్నాడూ కుదరలేదు. ఆ వారమూ కుదరలేదు. చూస్తుండగా పదకొండు నెలలైంది. చీటీ ఒక చొక్కా జేబులోంచి ఇంకో చొక్కా జేబులోకి మారుతూ మడతల దగ్గర చిరుగుపట్టింది. బిస్కెట్ల డబ్బాలో ఇంకా మూడు నాలుగు వందల చీటీలు ఉంటాయట. కొన్నిటి వెనక ఆవిడ ముందుగానే రాసిపెట్టిన ముక్కలు కూడా ఉన్నాయి. ఆయన ఇంతవరకు మూత తియ్యలేదు. మాట ఖర్చు కాలేదు కదా!

నేనొకసారి ఉండబట్టలేక అన్నాను. "తీసేసుకోండి మాస్టారూ. ఇప్పుడు ఎవరు చూడొచ్చారు?"

"అక్క ఎప్పుడూ చూసేది కాదండీ. నమ్మేది" అన్నారాయన.

ఇప్పుడు క్యారేజీ ఆయనే సర్దుకుంటున్నారు. అయినా పైగిన్నె మూత తీశాక ఒకసారి దాన్ని తిరగేసి చూసి పక్కన పెడతారు. అలవాటు.

ఆయన ప్రయత్నాలు చెయ్యలేదని కాదు. వేసవికి ముందు ఒకరోజు ప్రార్థన వేళ ఎనిమిదో తరగతి పిల్ల ఎండకి కళ్ళు తిరిగి పడిపోయింది. పీటీ సారు గ్రూపులో పెట్టారు: "పిల్ల పడిపోయింది, చూస్తున్నా." మూడు మాటలు! నా మనసు పొంగిపోయింది. వెంటనే పదిహేడు బొటనవేళ్ళు పడ్డాయి. పై అంతస్తులో ముందుగానే బోర్డు మీద లెక్క రాస్తున్న మాస్టారు మాత్రం సుద్దముక్క పారేసి, మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తారు. ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? పిల్లను పడుకోబెట్టిన గదిలోకి వెళ్ళి "తెప్పరిల్లిందా?" అంటే చాలు. నిజం, అవసరం, ఎదురుగా ఊపిరున్న మనిషి, అన్నీ కుదిరాయి!

గుమ్మంలోకి వచ్చి, రొప్పుతూ నోరు తెరిచారు. పీటీ సారు ఫోను చెవిన పెట్టుకుని ఉన్నారు. మాస్టారిని చూసి, అడగకముందే బొటనవేలు ఎత్తి చూపించారు. మంచం మీద ఆ పిల్ల కూడా నవ్వి, ఒక వేలు ఎత్తింది. మాస్టారు తెరిచిన నోరు మూసుకుని, గ్లాసులో నీళ్ళున్నాయో లేవో చూసి, వెనక్కి వచ్చేశారు. ప్రశ్నకు ముందే జవాబు! ఇంతకు మించిన ప్రగతి ఉందా?

కరెంటు పోయి వచ్చినప్పుడు నేనే అందించాను: "ఫ్యాను తెప్పరిల్లిందని అనెయ్యండి మాస్టారూ, ఓ పనైపోతుంది."

"ఫ్యానుకి సొమ్మసిల్లడం ఏమిటండీ? అక్క అన్నం పెట్టదు" అన్నారు.

డ్రాయింగ్ టీచరుగారి అమ్మకు ఆపరేషనైతే, పోనీ పాపమని మాస్టారి తరఫున గ్రూపులో నేనే టైపు చేశాను. ఆ మాట నా ఫోనుకి నచ్చలేదు. దానంతట అది దిద్దేసి, "అమ్మగారు తెప్పించారా?" అని పంపింది. పదకొండు మంది ఏం తెప్పిస్తున్నారు, ఎక్కణ్ణించి అని ఆరా తీశారు. డ్రాయింగ్ టీచరు, "వద్దండీ, మేము ఇంట్లోనే వండుకున్నాం" అని జవాబిచ్చారు. నాలుగు మాటలు. నిబంధన ప్రకారం తొలగించాను.

మీరు అడగవచ్చు: ఇన్ని నెలల్లో ఆయన్ని ఎవరూ పలకరించలేదా అని. భలేవారే! రోజుకి ముప్పై మంది పలకరిస్తారు. వరండాలో ఎదురైన ప్రతివాళ్ళూ, "అంతా ఓకేనా మాస్టారూ?" అంటారు. ప్రశ్నలోనే జవాబు కూడా పెట్టి ఇస్తున్నాం, ఆయన శ్రమ పడకుండా. ఆయన "ఓకే" అంటారు. ఆ "ఓకే" మన చెవిన పడేసరికి మనం మెట్ల దగ్గరికి చేరుకుని ఉంటాం. నేనూ అలా కొన్ని వందలసార్లు అడిగాను. ఏ ఒక్కసారీ రెండు సెకన్లు మించలేదు!

ఇక్కడిదాకా నా సిద్ధాంతానికి తిరుగులేదు. కానీ మొన్న బుధవారం ఒక ప్రమాదం జరిగింది.

నా ఫోను పై అంతస్తు పిట్టగోడ మీదినుంచి కింద పడింది. బాగుచేసేవాడు అటూ ఇటూ తిప్పి చూసి, రేపు రమ్మన్నాడు. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో నా రెండు చేతులూ ఖాళీ. ఏం చెయ్యాలో తెలియలేదు. నా క్యారేజీ తెరిచాను. కిటికీ పక్క బల్ల దగ్గర మాస్టారు కూర్చుని ఉన్నారు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా ఒకే గదిలో భోజనం చేస్తున్నాం. ఆయన చొక్కా రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉందని ఆ రోజే చూశాను. కుట్టు వంకరగా ఉంది. సొంతంగా కుట్టుకున్నట్టుంది.

ఆయన పైగిన్నె మూత తీశారు. తిరగేసి చూసి పక్కన పెట్టారు.

"ఎలా ఉన్నారు మాస్టారూ?" అన్నాను.

కావాలని అడగలేదండీ, పొరపాటున నోటికొచ్చింది. ఫోను ఉంటే ఇలా జరిగేదే కాదు. అడిగాక తల దించుకుందామంటే, దించడానికి చేతిలో ఏమీ లేదు. లేచి వెళ్ళిపోదామంటే భోజనం మధ్యలో ఉంది. దాంతో ఆయన మొహం చూస్తూ అలాగే ఉండిపోవాల్సి వచ్చింది.

ఆయన "ఓకే" అనబోయారు. పెదవి కదిలింది. నేను ఇంకా అక్కడే ఉండటం చూసి ఆగారు. గిన్నెలోకి చూశారు, కిటికీలోంచి చూశారు. చాలాసేపటికి అన్నారు.

"ఇంకా తెప్పరిల్లలేదండీ."



ముందు నాకే తట్టింది. ఆయనకు తట్టడానికి ఇంకాస్త సేపు పట్టింది. చెయ్యి మెల్లగా జేబు దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా ఊపిరున్న మనిషి. ఇరికించలేదు. అబద్ధం కాదు. పదకొండు నెలలుగా ఆ మాట ఇంకొకరి మీద వాడాలని తిరిగారు గానీ, అది తన కోసమే జేబులో ఉందని ఆయనకూ తోచలేదు, మాకెవరికీ తోచలేదు.

"అయిపోయింది" అన్నారు, చీటీ బల్ల మీద పెట్టి. కళ్ళజోడు తీశారు. ముక్కు మీది సుద్దమచ్చ తడిసింది.

ఊరుకుంటే బాగుండేది. కానీ మాట్లాడటం మొదలుపెడితే ఇదే చిక్కు, ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి.

"మాస్టారూ, అక్కగారు పోయినరోజు గ్రూపులో ఒక బొటనవేలు పడింది. అది నాదే. తొందరలో."

"తెలుసండీ" అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ. "పక్కన పేరు పడుతుంది కదా."

ఆ తర్వాత నవ్వింది కూడా ముందు ఆయనే.

మర్నాడు మధ్యాహ్నం నా క్యారేజీ పైగిన్నె మూత తీస్తే, దాని కింద సన్నటి కాగితం ముక్క. మాట మీద ఎర్రగీత. పక్కన "కఠినం." వెనకవైపు ప్రూఫక్క రాత, గుండ్రంగా, ఒద్దికగా: "ఒరేయ్, దీన్ని తరమకు. దానంతటదే వస్తుంది." తమ్ముడికి రాసిందే, నాకు కాదు. అయినా నన్ను ఒరేయ్ అని పిలిచేవాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. ఆ ముక్క రెండుసార్లు చదివాను.

ఫోను బాగై వచ్చింది. మాటలు దండగన్న నా అభిప్రాయంలో ఏ మార్పూ లేదు. గ్రూపు నిబంధన అలాగే ఉంది, నేనే అడ్మిన్‌ని. కాకపోతే చిన్న ఇబ్బంది. జేబులో ఆ మాట పెట్టుకుని తిరగబట్టి ఇది ఐదో రోజు. స్టాఫ్‌రూముకి వెళితే ముప్పై వంచిన తలలు. ఇంటికి వెళితే నాలుగు. బస్సులో అరవై. వరండాలో ఎదురైనవాళ్ళు, "అంతా ఓకేనా సార్?" అని మెట్లెక్కేస్తున్నారు. ఇలాంటి మనుషుల్ని తయారుచేసిన పాపం ఎవరిదో గానీ, వాడు నా కంటపడితే ఊరుకోను!

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ మాటేమిటో ఇక్కడ రాయడానికి లేదు, ఎదురుగా నిలబడి అనాలి. ఎక్కడైనా నేను ఎదురుపడితే దయచేసి వేలు చూపించకండి. ఎలా ఉన్నావని అడగండి.

అడిగి, కాస్త ఆగండి.